ముద్ర లేని గొంతు

"మీ ఆయన్ని తిట్టండి," అన్నాడు డాక్టర్ ప్రభుదాస్.

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయ్యాక మొగుణ్ణి తిట్టవద్దని చెప్పినవాళ్లే గాని, తిట్టమని బతిమాలిన మనిషి ఆవిడకి ఇంతవరకు తగల్లేదు. పక్కనే స్టూలు మీద కూర్చున్న సత్తిబాబు, "మొహమాటం ఎందుకే, కానియ్," అని తల వంచుకుని సిద్ధమైపోయాడు.

ఆవిడ మెడకి వేలెడు వెడల్పున్న నల్లటి పట్టీ ఉంది. ఆవిడ పెదాలు కదిలాయి. ఆ పెదాల కదలిక చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. "ఓరి నీ దుంపతెగ! డాక్టరు గారి దగ్గరికి టైముకి వెళ్దామంటే టీకొట్టు దగ్గర చతికిలబడతావా?" అన్నదే ఆ మాట.

పట్టీలోంచి పాతికేళ్ల పిల్ల గొంతు తియ్యగా పలికింది. "మీరు మరికొంచెం త్వరగా వచ్చి ఉంటే బాగుండేదండీ."

సత్తిబాబు తలెత్తి, మాట్లాడిందెవరా అని వెనక్కి చూశాడు. నూకరత్నం కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

ఆ పట్టీ సంగతి చెప్పాలి. కేన్సరొచ్చి గొంతుపెట్టె తీసేసినా, మాట్లాడమని మెదడు పంపే ఆజ్ఞ ఆగదు. నరాల వెంట మెడ కండరాల దాకా వస్తూనే ఉంటుంది. పట్టీలోని సెన్సర్లు చర్మం మీదనుంచే దాన్ని పట్టుకుంటాయి. లోపలున్న చిన్న కంప్యూటరు ఆ సంకేతాల్ని మాటలు చేసి, స్పీకర్లోంచి పలికిస్తుంది. అంతే. మొదటి పట్టీని చేసింది ఈ ప్రభుదాసే. కాకినాడ జగన్నాథపురంలో ఒక మేడమీది అద్దెగదిలో చేశాడు. చేసినవాడు పేటెంటు తీసుకుని హాయిగా బతకొచ్చా? లేదు. సర్క్యూటు, ప్రోగ్రామ్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా చేసుకోండి, మార్చుకోండి, బాగుచేసుకోండి, ఓపెన్ సోర్స్ అన్నాడు.

మృదువాణి అనే కంపెనీ నిజంగానే చేసుకుంది. చవగ్గా లక్షల పట్టీలు చేసి అమ్మింది. లోపలి ప్రోగ్రామ్‌కి మాత్రం తాళం వేసింది. తిట్లు పలకవు. ఇంకో కంపెనీ పేరు పలకదు. ధ్రువీకరణ లేని విషయం పలకదు. మృదువాణి మీద ఫిర్యాదైతే అసలే పలకదు. కొన్నవాడి మెడ, కొన్నవాడి మాట, తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గర! డబ్బిచ్చి కొన్న వస్తువు మీదేనని మీరింకా అనుకుంటున్నారంటే, మీ అమాయకత్వానికి ఒక దణ్ణం.

ఇంకెవరికైనా ఆ తియ్యటి గొంతు సరిపోయేదేమో. నూకరత్నం కాకినాడ హార్బర్లో చేపల వేలం పాడే మనిషి. వేలమంటే మర్యాదలతో అయ్యే పని కాదు. కొనేవాణ్ణి రెచ్చగొట్టాలి, వెక్కిరించాలి, పక్కవాడితో పోటీ పెట్టాలి. "ఏం పేర్రాజూ, ఇంట్లో అడిగి రావాలా?" అని నలుగురిలో ఒక్క మాట అంటే చాలు, పౌరుషానికి పోయి పాట పెంచేవాడు. బోటు ఇంజన్లు రొద పెడుతున్నా ఆవిడ బొంగురు గొంతు జెట్టీ ఆ చివరిదాకా వినపడేది. ఆ గొంతు కోసమే బోట్లవాళ్లు తమ సరుకు ఆవిడ ముందు దింపేవారు.

ఆపరేషనయ్యాక పట్టీ కట్టుకుని మొదటిసారి పాటకి నిలబడింది. "తెల్లారగట్ల పడ్డ వంజరం, కళ్లు చూడండి ఎలా మెరుస్తున్నాయో!" అంది. "ఈ చేప తాజాదనం ధ్రువీకరించబడలేదు. గౌరవనీయులైన కొనుగోలుదారులు గమనించగలరు," అంది పట్టీ. హార్బరంతా ఒకటే నవ్వు. కొందరైతే కడుపు పట్టుకుని కూర్చుండిపోయారు. ఆ బోటు సరుకు కారుచవగ్గా పోయింది.

హార్బర్లో వేలం నడిపించే అసోసియేషను పెద్ద కూడా ఆ పేర్రాజే. మనిషి చెడ్డవాడు కాదు. "రత్నం, వేట నిషేధం అయ్యి బోట్లు మళ్లీ కదిలేలోపు ఆ గొంతు సంగతి చూసుకో," అన్నాడు. "లేకపోతే పాట మా మేనకోడలికి ఇవ్వక తప్పదు. బోట్లవాళ్లు నా మీద పడుతున్నారు."

అందుకే ఆలుమగలిద్దరూ ఆ మేడమెట్లెక్కారు.

"తాళం తీసేస్తాను," అన్నాడు ప్రభుదాస్. "కంపెనీ ప్రోగ్రామ్ చెరిపేసి, నేను రాసినది ఎక్కిస్తాను. మీరు ఏమంటే అదే పలుకుతుంది. ఒక్క అక్షరం మారదు."

"అది తప్పు కాదాండీ? పోలీసులూ అదీ..." అన్నాడు సత్తిబాబు.

"చట్టం ప్రకారం తప్పేనండి. ఆవిడ మెడ మీద ఆవిడ మాట ఆవిడ ఇష్టం అని నేననుకుంటున్నాను. మీరెలా అంటే అలా."

నూకరత్నం కళ్లు తుడుచుకుని పట్టీ విప్పి ఆయన చేతిలో పెట్టింది.

సత్తిబాబు ఫోన్లో పెళ్లాం పంపిన పాత వాయిస్ మెసేజీలు చాలా ఉన్నాయి. అన్నీ దాచుకున్నాడు పాపం. చేప పులుసులోకి చింతపండు తెమ్మని, తేలేదేమని, బోటు ఒడ్డుకొచ్చి ఎంతసేపయిందని. ప్రభుదాస్ వాటన్నిట్లోంచీ ఆవిడ గొంతు పోగుచేశాడు. బొంగురు, విరుపు, మాట చివర దీర్ఘం, ఏదీ వదల్లేదు. వారం తర్వాత మళ్లీ పట్టీ కట్టాడు.

"ఏం చూస్తున్నావు అలా గుడ్లప్పగించి?" అంది నూకరత్నం మొగుడితో. అచ్చంగా ఆవిడ గొంతే.

సత్తిబాబు భోరుమన్నాడు. "ఇంకోటి అనవే," అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. "తిట్టవే. ఏదో ఒకటి తిట్టు." ఆవిడ తిట్టింది. తిడుతూ తనూ ఏడ్చింది. డాక్టరు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అన్నేళ్ల కష్టానికి ఆ పూటే ఆయనకి జీతం ముట్టింది.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది! కానీ బోట్లు కదిలాయి. జెట్టీ మీద వంజరాలు, చందువాలు రాసులు పోశారు. నూకరత్నం బొడ్లో కొంగు దోపి, బోర్లించిన గంప మీదకెక్కి, గొంతెత్తి మొదటి పాట మొదలుపెట్టింది.

ఒక్కడూ తల తిప్పలేదు.

మళ్లీ అరిచింది. సావుకార్లు వాళ్లలో వాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకడు ఆవిడకేసి చూసి, ఇంకా మొదలుపెట్టలేదేం అన్నట్టు చెయ్యి ఊపాడు.

వాళ్ల చెవుల్లో బిళ్లలున్నాయి. ఇప్పుడు ఎవరి చెవుల్లో లేవు గనక! ఫోను, పాటలు, ఇంజన్ల రొద తగ్గించడం, అన్నీ చెవిబిళ్లే. ఆ మధ్య దొంగ గొంతుల గోల ఒకటి వచ్చిపడింది. మీ అన్న గొంతుతో మెషీను మాట్లాడి మీ ఖాతా ఊడ్చేసేది. పేర్రాజు అక్క అలాగే ఇల్లు పోగొట్టుకుంది. జనం హడలిపోయారు. అప్పుడు చట్టం చేశారు. మనిషి గొంతులోంచి వచ్చిన మాట సరే. మెషీన్లోంచి వచ్చే మాటకి మాత్రం చెవికి తెలియని ఒక డిజిటల్ ముద్ర ఉండాలి. ముద్ర లేని మెషీను గొంతుని చెవిబిళ్ల లోపలికి రానివ్వదు. అక్కడ గాలి కూడా లేనట్టు తుడిచేస్తుంది.

ముద్ర కావాలని ప్రభుదాస్ దరఖాస్తు పెట్టకపోలేదు. తాళం ఉన్న ప్రోగ్రామ్‌కే ముద్ర ఇస్తామన్నారు. తెరిచి ఉన్నదాన్ని ఎవడైనా మార్చగలడు కాబట్టి నమ్మలేమన్నారు. మనిషి ఎదురుగా నిలబడితే బిళ్ల ఉన్నా వినపడకపోదేమో అనుకున్నాడాయన, తన గదిలో ఎవరి చెవుల్లోనూ బిళ్లలు లేవాయె. ఆశ!

నూకరత్నం గంప దిగి, తిన్నగా పేర్రాజు దగ్గరికి పోయి, ఆయన చెవిలో బిళ్ల పీకేసింది.

"పేర్రాజూ, నేను మాట్లాడుతున్నాను! వినపడుతోందా?"

పేర్రాజు మొహం వెలిగిపోయింది. "ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండా! నీ గొంతే రత్నం! పాత గొంతే!" అన్నాడు. పక్కవాళ్లని కూడా పిలిచి బిళ్లలు తీయించాడు. అందరూ సంబరపడ్డారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత, ఒక్కొక్కరే, బిళ్లలు మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమనుకోకు," అన్నాడు పేర్రాజు తనూ పెట్టుకోబోతూ. "బిళ్ల లేకపోతే పాట కంప్యూటర్లోకి ఎక్కదు. ఐసు బండివాడు ఫోను చేస్తే అందదు. ముద్ర లేని గొంతు వింటే మా అక్క సంగతి గుర్తొస్తుంది, నిజం చెప్పాలంటే భయం నాకు. నీ మీద నమ్మకం లేక కాదమ్మా."

పాట ఆయన మేనకోడలికి వెళ్లిపోయింది. నూకరత్నం రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి చేరింది. అక్కడ మాటతో పనిలేదు.

మళ్లీ మేడమెట్లెక్కారు. ఈసారి ఆవిడే అడిగింది. "ఆ తాళం వేసేయండి డాక్టరు గారూ. బస్సులో టికెట్టు అడిగితే కండక్టరుకి వినపడదు. రేషను కొట్టులో వినపడదు. చక్కెర గొంతైనా సరే, వినపడితే చాలు."

ప్రభుదాస్ పట్టీలో రెండు గొంతులూ పెట్టి, లోపలి వైపు చిన్న స్విచ్ అమర్చాడు. "బయట కంపెనీ గొంతు. ఇంట్లో స్విచ్ నొక్కితే మీ గొంతు. సత్తిబాబు గారూ, ఇంటికి రాగానే మీరు ఆ బిళ్ల తీసేయాలి. అంతే."

"అయ్యో, అదెంత పనండీ!" అన్నాడు సత్తిబాబు. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. అప్పుడు అబద్ధం ఆడలేదు.

ఏడాది తిరక్కుండా, పట్టీ బ్యాటరీ మార్చడానికి ప్రభుదాస్ వాళ్లింటికి వెళ్లాడు. సత్తిబాబు మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చెవిలో బిళ్ల ఉంది. క్రికెట్ వింటున్నాడు.

"రండి రండి డాక్టరు గారూ! మీ దయవల్ల ఇల్లు ప్రశాంతంగా ఉందండి. ఒక్క మాట అనదండి మా ఆవిడ ఇప్పుడు. గొడవన్నదే లేదు."

"బిళ్ల తీయడం లేదా?"

సత్తిబాబు కొంచెం నసిగాడు. "మొదట్లో తీసేవాణ్ణండి. మరి సముద్రంలో ఉన్నోళ్లు ఫోన్లు చేస్తారు, తుపాను కబుర్లొస్తాయి, మాటిమాటికీ తీసి పెట్టుకోవడం... ఆ గొంతు పెట్టుకోవే, వినపడుతుంది కదా అన్నాను. పెట్టుకుంది. ఇప్పుడు ఇంకా సుఖమండి. పట్టీ కాస్త ఆలస్యంగా పలుకుతుంది కదా, కంపెనీవోళ్లు కొత్త సౌకర్యం ఇచ్చారు. ఆవిడ ఏమంటుందో బిళ్లే అంచనా వేసి ముందుగా చెప్పేస్తుంది."

"ఆవిడ చెప్పకముందేనా?"

"ఆయ్. చాలావరకు కరెక్టేనండి."

ప్రభుదాస్ వంటింట్లోకి వెళ్లాడు. నూకరత్నం గట్టు దగ్గర నిలబడి ఉంది. ఆయన్ని చూసి పట్టీ లోపల వేలు పెట్టి స్విచ్ నొక్కింది. ఆ బొంగురు గొంతు విని ఎన్నాళ్లయిందో ఆయనకి.

"విన్నాను లెండి," అంది. "నేను నోరు తెరిచేలోపు ఆయన తలాడించేస్తాడు. నేనేదో అనబోతాను. ఆయన అప్పటికే నవ్వేసి అటు తిరిగిపోతాడు. నేనేమన్నానని అనుకున్నాడో నాకే తెలీదు."

"నేను మాట్లాడతాను ఆయనతో. బిళ్ల తీయిస్తాను."

"తీస్తాడండి. మంచోడే. మీరు జగన్నాథపురం వంతెన దాటేలోపు మళ్లీ పెట్టుకుంటాడు. ఒకసారి తీయించడం ఎంతలో పని? నా మాట వినవయ్యా అని రోజూ మొగుణ్ణి అడుక్కోవడం నావల్ల కాదు. సిగ్గేస్తోంది డాక్టరు గారూ." ఆవిడ గొంతు వణికింది. వణుకు కూడా ఆయన రాసిన ప్రోగ్రామ్ సరిగ్గానే పలికించింది. "తాళం మీరు తీశారు. మీ తప్పేం లేదు. వినేవాళ్లు లేరు, అంతే. మీరూ నేనూ ఏం చేస్తాం?"

మెడ వెనక చెయ్యి పెట్టి పట్టీ విప్పేసింది. ఆయన వద్దంటున్నా వినకుండా ఆయన చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. వట్టి మెడ మీద ఆపరేషన్ మచ్చ కనపడుతోంది. అటు తిరిగి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

ప్రభుదాస్ పట్టీ పట్టుకుని గదిలోకి వచ్చాడు.

సత్తిబాబు వల మీంచి తల ఎత్తకుండానే కేకేశాడు. "ఏమే, డాక్టరు గారు వెళ్లిపోతున్నారు, టీ పెట్టావా?"

వంటింట్లో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పట్టీ ప్రభుదాస్ గుప్పిట్లో ఉంది.

సత్తిబాబు ఒక్క క్షణం చెవొగ్గి విన్నాడు. తర్వాత తృప్తిగా నవ్వాడు.

"కూర్చోండి డాక్టరు గారూ. పెట్టేసిందంట."