పక్కవాళ్ళు వచ్చారా?

ఆ బస్సులో గైడు తలలు లెక్కపెట్టదు. పొద్దున బయల్దేరగానే మైకు పట్టుకుని ఒకటే మాట చెబుతుంది. "ఇవాళంతా మీ పక్క సీటువాళ్ళే మీ బాధ్యత. ఎక్కడ ఆగినా, మళ్ళీ ఎక్కాక 'పక్కవాళ్ళు వచ్చారా' అని అడుగుతాను. చూసి చెప్పండి." జనం నవ్వుతారు. ఇంటి దగ్గర పోట్లాడుకుని వచ్చిన మొగుడూపెళ్ళాలైతే ఇంకోవైపు తిరిగి నవ్వుతారు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మూడేళ్ళ కిందట ఆమె కూడా తలలే లెక్కపెట్టేది. ఒక వానరోజు, గుహ చూసి వచ్చాక, హడావుడిలో తనను కూడా కలిపి లెక్కేసుకుంది. లెక్క సరిపోయింది, బస్సు కదిలింది. ఒంటరిగా వచ్చిన ఒకావిడ గుహలోనే ఉండిపోయింది. వారం రోజులు వెతికారు, దొరకలేదు. అప్పటినుంచి తోడు లేనివాళ్ళను గైడు బస్సెక్కనివ్వదు.

ఇవాళ మాత్రం అత్తగారు పట్టు పట్టింది. "ఊరందరికీ చూపిస్తావు, నాకు చూపించవేమే?" అంది. ఆవిడతో కలిపి ఇరవై ఒక్కరయ్యారు. "సరే, మీకు జత నేనే" అని గైడు ఆవిడను ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

కోట దగ్గర అత్తగారు మెట్లన్నీ తిట్టుకుంటూ ఎక్కింది. "ఇన్ని కట్టినవాళ్ళకి మధ్యలో ఒక్క అరుగు కట్టడానికి చేతులు రాలేదా?" అంటే అందరూ నవ్వారు. జలపాతం దగ్గర గైడు నవ్వలేదు. మబ్బు కమ్ముతోంది. ఆమె ఆకాశం వంకా గడియారం వంకా మార్చి మార్చి చూసింది. మధ్యాహ్నం మూడింటికి గుహ ముందు బస్సు ఆగేసరికి చినుకులు మొదలయ్యాయి. అందరికీ బస్సువాళ్ళ పసుపు రెయిన్‌కోట్లు పంచింది.

"నాకు చీకటంటే పడదు. బస్సులోనే కూర్చుంటా" అంది అత్తగారు.

"ఒంటరిగా వదలనండీ."

"డ్రైవరున్నాడుగా."

"మిమ్మల్ని తీసుకురావడం నాదే బుద్ధి తక్కువ" అనేసింది గైడు, అందరి ముందూ. అత్తగారు మూతి ముడుచుకుని వెంట నడిచింది. ఆవిడ అలిగిందంటే రెండు పూటలు నోరు విప్పదు.

గుహలో గబ్బిలాల కంపు. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. ఆగి, మళ్ళీ పడుతోంది. చిట్టచివరి గదిలో ఒక నిమిషం దీపం ఆర్పడం ఆ ఊరి గైడులందరికీ అలవాటు. అసలు చీకటంటే ఏమిటో జనానికి చూపించాలి కదా. "పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. వదలకండి" అని చెప్పి, అత్తగారి చెయ్యి పట్టుకుని, గైడు దీపం ఆర్పింది.

మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. పది... ఇరవై... అత్తగారి చెయ్యి వెచ్చగా, కోపంగా బిగుసుకుని ఉంది. నలభై దగ్గర ఆ చెయ్యి జారింది.

వెంటనే మళ్ళీ దొరికింది. కాస్త చల్లగా తగిలింది.

"భయం లేదత్తయ్యా" అని గుసగుసగా అంది. జవాబు లేదు. అలక కదా అనుకుంది.

అరవై. దీపం వెలిగించి ముందుకు పట్టుకుంది. తిరుగుదారి ఇరుకు, ఒకరి వెనక ఒకరు నడవాలి. గైడు ముందు నడుస్తూ, వెనక ఆ చేతిని వదలకుండా బయటిదాకా లాక్కొచ్చింది. బయట కుండపోత. అందరూ టోపీలు ముఖం మీదికి లాక్కుని బస్సుకేసి పరిగెత్తారు. గైడు తన జతను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. నలుగురిలో అంత మాట అన్నాక ఆవిడ వంక చూడడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"పక్కవాళ్ళు వచ్చారా?"

"వచ్చారు... వచ్చారు..." అని వరసలన్నీ పలికాయి. గైడును అడిగేవాళ్ళెవరూ లేరు. బస్సు కదిలింది.

మనసెందుకో కుదురుగా లేదు. ఇంటికెళ్ళాక క్షమాపణ చెప్పుకోవాలి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాననుకుంది. కొండ దాటగానే ఫోను మోగింది.

తెర మీద 'అత్తయ్య' అని ఉంది.

గైడు పక్కకు చూసింది. పసుపు టోపీ కిటికీ వైపు తిరిగి ఉంది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. వాటిలో ఫోను లేదు. ఆ గుహలో సిగ్నలే రాదు.

"ఏమే..." అత్తగారి గొంతు, చాలా నెమ్మదిగా. వెనకాల నీటిచుక్క చప్పుడు. "ఒక్క నిమిషం అన్నావు. ఎంతసేపే ఈ చీకటి? నేనేం అలగలేదులే, దీపం వెలిగించు. నీ చెయ్యి మరీ చల్లబడిపోతోంది..."

ఫోను ఆగిపోయింది.

"బండి తిప్పు" అంది గైడు. డ్రైవరు వైపు వంగి మళ్ళీ అంది. "వెనక్కి తిప్పు... అత్తయ్య రాలేదు."

డ్రైవరు అద్దంలోంచి ముందు వరస సీటు వంక చూశాడు. తెల్లబోయి బ్రేకు మీద కాలు పెట్టాడు. "పక్కనే ఉన్నారు కదమ్మా? సరే, ఒకసారి అందరూ చూసుకోండయ్యా. పక్కవాళ్ళు వచ్చారా?"

వెనక నుంచి ఒక్కో వరసా చెప్పుకుంటూ వచ్చింది. వచ్చారు... వచ్చారు... వచ్చారు...

చివరికి ముందు వరస మిగిలింది. గైడు నోరు తెరిచింది. అంతకుముందే, కిటికీ పక్క నుంచి, అత్తగారిది కాని, ఆమె మూడేళ్ళుగా వినని గొంతు బదులిచ్చింది.

"వచ్చింది."

చల్లటి చెయ్యి ఆమె చేతిని వెతికి పట్టుకుంది. డ్రైవరు తల ఊపి, బ్రేకు మీది కాలు తీశాడు.