పైపులో గాలి బుడగలు

"తప్పుకోండి."

"లోపల పని జరుగుతోందండీ. బోర్డు ఉంది, చూడండి."

"చూశాను. తప్పుకోండి."

"రెండు గంటలు పడుతుంది మేడమ్. కింద ప్రయాణికుల బాత్రూములు ఉన్నాయి కదా, అక్కడికి..."

మాట పూర్తి కాకుండానే ఆమె నా బోర్డుని ఒక్క తన్ను తన్నింది. "వాడరాదు" అని ఎర్ర రంగుతో ముచ్చటగా రాసుకున్న బోర్డు వరండా చివరిదాకా జారుకుంటూ పోయింది. నేను దాని వెంట పరిగెత్తి, వెనక్కి తిరిగేసరికి తలుపు ధడాలున మూసుకుని లోపల గడియ పడింది.

"నీళ్ళు కట్టేసి ఉన్నాయండీ!" అని బయటినుంచి అరిచాను.

"అయితే తెరవండి!"

పరిగెత్తుకెళ్ళి మెయిన్ వాల్వ్ తిప్పాను. సగం బిగించి వదిలేసిన జాయింటు నుంచి నీళ్ళు చిమ్మి నా చొక్కా, ప్యాంటు, జేబులో ఫోను అన్నీ తడిశాయి. పొద్దుటినుంచి చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

అది బస్ స్టేషన్ మేడ మీద, సిబ్బంది వాడుకునే బాత్రూము. ఆమె బస్సుల రాకపోకలు మైకులో చెప్పే మనిషి. ఆమె లోపలుండగా పదకొండూ ఇరవై బస్సు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. కింద జనం కేకలు వేస్తున్నారు. కాసేపటికి ఆమె బయటికొచ్చింది. పోనీ ఒక సారీ అయినా చెబుతుందేమో అనుకున్నాను.

"ఈ బోర్డు పెట్టేముందు ఎవర్నయినా అడిగారా?"

"ఎవర్నడగాలి?"

"నన్ను!" అని విసవిసా వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల్లో మైకు మోగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. పన్నెండు గంటల బస్సు మూడో ప్లాట్‌ఫామ్ దగ్గర సిద్ధంగా ఉంది." తేనె పూసినట్టున్న గొంతు. నన్ను కసిరిన గొంతూ ఇదీ ఒకటేనంటే నమ్మబుద్ధి కాలేదు. చొక్కా పిండుకుంటూ అక్కడే నిలబడి, ఆ ప్రకటన మొత్తం విన్నాను. నాకు రావలసినంత కోపం రాలేదు. అందుకు నా మీద నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజే ఆమెకి ఫైరింజన్ అని పేరు పెట్టుకున్నాను. వస్తోందంటే అందరూ దారి ఇవ్వాల్సిందే. ఆమెకి నేను పైపులాయన్ని.

స్టేషన్‌లో పాత పైపులన్నీ మార్చడం నెల రోజుల పని. రెండో రోజు నుంచీ నీళ్ళు కట్టేసే ముందు ఆమె గది కిటికీ దగ్గరికి వెళ్ళి అడగడం మొదలుపెట్టాను.

"ఇప్పుడు కట్టేయొచ్చా?"

"ఐదు నిమిషాలాగండి."

ఐదు కాస్తా పదయ్యేది, పది కాస్తా ఇరవై అయ్యేది. ఒక రోజు ఆ ఇరవై సాయంత్రందాకా సాగింది. వారం తిరిగినా ఒక్క గోడ కూడా పూర్తి కాలేదేమిటని మా మేస్త్రీ నిలదీశాడు.

"రాతి గోడ మేస్త్రీ" అన్నాను. పూర్తిగా అబద్ధమేం కాదు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. చూరునుంచి ధారలు కడుతున్నాయి, ప్లాట్‌ఫాముల మీద జనం గొడుగులు విదిలించి ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మైకులో చెప్పడానికేమీ లేక ఫైరింజన్ ఖాళీగా కూర్చుంది. ధైర్యం చేసి టీ పట్టుకెళ్ళాను. విషం తెచ్చినట్టు చూసింది.

"టీ పడదు."

"కాఫీ?"

"పడదు. పాలు పడవు. కారం పడదు. పచ్చివి పడవు."

"మరేం పడుతుందండీ?"

"ప్రస్తుతానికి మీతో గొడవొక్కటే పడుతోంది."

నవ్వాను. ఆమె నవ్వలేదు గానీ కుర్చీ మాత్రం చూపించింది. అప్పుడు చెప్పింది. క్రోన్స్ అట. పేగులు లోపల వాచి పుండ్లు పడే జబ్బు. ఆరేళ్ళుగా ఉంది.

"తగ్గుతుందా?"

"అదుపులో ఉంటుంది. అదుపు తప్పుతుంది. మళ్ళీ అదుపులోకొస్తుంది. మా అమ్మ కోపంలాగా."

"యోగా ఏమైనా చేసి చూశారా?"

ఆమె కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టుకుంది. "ఆ మాట అన్నవాళ్ళలో మీరు మూడొందల పన్నెండో మనిషి."

ఆమె భుజానికి ఎప్పుడూ పెద్ద నల్ల బ్యాగు ఉంటుంది. లేవబోతుంటే అది జారింది. పట్టుకోబోయాను. నా చేతి మీద ఫట్‌మని కొట్టింది.

"దాన్ని ముట్టుకోవద్దు. మా అమ్మకి కూడా ఇవ్వను."

మాత్రలు, మార్చుకునే బట్టలు, ఇంకా ఏవేవో ఉంటాయని ఊహించాను. తప్పు నాదే కాబట్టి చెయ్యి రుద్దుకుంటూ ఊరుకున్నాను.

వాన సన్నగిల్లుతుండగా ఆమే అంది, ఎటో చూస్తూ. "మీ పని గురించి ఒక సంగతి అడగనా? మా ఇంట్లో ఒక పైపు ఉంది. నీళ్ళతోపాటు గాలి బుడగలొస్తున్నాయి. ఒక్కోసారి మురికి కూడా. శుభ్రం చేయిస్తే పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఎందుకంటారు?"

హమ్మయ్య, నాకు తెలిసిన విషయం! "పక్కన మురికి లైన్ ఉందా?"

"ఆనుకునే ఉంది."

"అయితే ఆ రెంటికీ మధ్య ఎక్కడో చిల్లు పడిందండీ. అది మూయకుండా ఎన్నిసార్లు శుభ్రం చేయించినా ఒకటే. దండగ."

"ఖచ్చితంగానా?"

"పన్నెండేళ్ళుగా ఇదే పని."

ఆమె ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రం నాలుగో ప్లాట్‌ఫామ్ బస్సుని రెండో ప్లాట్‌ఫామ్ అని చెప్పింది. అలా తప్పు చెప్పడం అదే మొదటిసారని స్టేషన్‌లో అందరూ చెప్పుకున్నారు.

పాపం, ఇంట్లో మురికి నీళ్ళు తాగే ఆమెకి పొట్ట పాడవుతోందని నాకు జ్ఞానోదయమైంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, డ్యూటీలు వేసే ఆయన్ని బతిమాలి అడ్రసు సంపాదించాను. ఆదివారం పొద్దున్నే సామాన్ల సంచీతో వాళ్ళింటి ముందు నిలబడ్డాను.

వాళ్ళమ్మ తలుపు తీసింది.

"పైపుల పనికొచ్చానమ్మా. బస్ స్టేషన్ నుంచి."

"ఓహో, పైపులాయనవి నువ్వేనా బాబూ! రోజూ నిన్ను తిట్టుకుంటూ ఉంటుంది మా అమ్మాయి."

"రోజూనా?"

"రోజూ."

నాకు చాలా సంతోషం వేసింది. ఆ ఉత్సాహంలో పనిలోకి దిగిపోయాను. "మా ఇంట్లో పైపులన్నీ బాగానే ఉన్నాయి కదయ్యా" అని ఆవిడ మొత్తుకుంటున్నా వినలేదు. పైన ట్యాంకు చూశాను. పెరట్లో మూతలెత్తి చూశాను. వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకుని అక్కడి పైపు విప్పాను. రెండు గంటలు! బుడగ లేదు, మురికి లేదు. ఇంత శుభ్రమైన లైను నేను చూడలేదు.

బాత్రూము తలుపు తెరుచుకుంది. పాదాలు వచ్చి నా తల దగ్గర ఆగాయి.

"మీరిక్కడేం చేస్తున్నారు?"

"ఆ చిల్లు ఎక్కడుందో దొరకట్లేదండీ."

"ఆ పైపు ఇక్కడ లేదయ్యా మహానుభావా!"

"మరెక్కడుంది?"

ఆమె పొత్తికడుపు మీద అరచేత్తో కొట్టుకుంది. "ఇక్కడుంది. ఇక్కడ! చాలా?"

లేవబోయి సింకుకి తల కొట్టుకున్నాను. వాళ్ళమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఫైరింజన్‌కి మాత్రం నోరు ఆగలేదు.

"నాకు ముగ్గురు డాక్టర్లున్నారు. మూత్రం మంట అంటే పేగుల డాక్టరు అది నా విభాగం కాదంటాడు. మూత్రం డాక్టరు నీళ్ళు బాగా తాగమని ఏడోసారి అవే మాత్రలు రాస్తాడు. పొత్తికడుపు నొప్పంటే ఆడవాళ్ళ డాక్టరమ్మ అండాశయం మీద తిత్తి ఉంది, దానివల్లేనంటుంది. ఎవరి ఫైలు వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. నేనొక్కదాన్నే అన్నిట్లోనూ ఉన్నాను!"

"గాలి వస్తోందని వాళ్ళకి చెప్పారా?"

"ఎవరూ అడగలేదు. నేనుగా ఏమని చెప్పను? 'డాక్టర్‌గారూ, మూత్రం పోస్తుంటే బుడగలొస్తున్నాయి' అని... అబ్బబ్బ, మీకెందుకు చెబుతున్నాను ఇదంతా!"

"నాకు కూడా చెప్పలేదేమే?" అంది వాళ్ళమ్మ నీరసంగా.

"నువ్వు ఏడుస్తావని."

నేను తల తడుముకుంటూ నేల మీదే కూర్చున్నాను. "నాకు మనుషుల లైన్లు తెలియవండీ. నా పని వరకూ చెబుతాను. గోడ చెమ్మెక్కితే పై ఇంటివాళ్ళు మాది కాదంటారు, కింది ఇంటివాళ్ళు మాది కాదంటారు, పక్కవాళ్ళు అసలు తలుపే తీయరు. గోడ మాత్రం ముగ్గురిదీ. ఆ ముగ్గుర్నీ ఒక్కచోట నిలబెట్టకుండా నేను సుత్తి పట్టుకోను."

"డాక్టర్లని నిలబెట్టడం మన వల్లవుతుందా?"

"మీరు నా బోర్డునే తన్నారు."

ఆమె నన్ను అలాగే చూసింది. పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే మళ్ళీ ముఖం ముడుచుకుంది. "ముందు మా సింకు బిగించండి. వంటిల్లంతా నీళ్ళు."

మర్నాడే మూడు ఫైళ్ళూ చంకన పెట్టుకుని పేగుల డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. బుడగల మాట చెప్పగానే ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టాడట. వారంలో స్కాన్లు, పరీక్షలు జరిగాయి. ఆ తర్వాతి వారం ముగ్గురు డాక్టర్లూ ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమె లోపలికెళ్ళింది. బయట బెంచీ మీద నేనూ, వాళ్ళమ్మా, ఎవరో ఒక తాతగారూ కూర్చున్నాం. నన్నెవరూ రమ్మనలేదు. వచ్చినందుకు వెళ్ళిపొమ్మని కూడా అనలేదు.

నలభై నిమిషాల తర్వాత ఆమె బయటికొచ్చింది. వాళ్ళమ్మ చేతిలో కాగితాలు పెట్టి కౌంటరు దగ్గరికి పంపి, నా పక్కన కూలబడింది.

"పేగుకీ మూత్రాశయానికీ మధ్య సన్నటి దారి పడిందట. ఆపరేషన్ చెయ్యాలి. అదే ఆపరేషన్‌లో డాక్టరమ్మ తిత్తి సంగతి కూడా చూస్తుందట. మీరు చెప్పిందే నిజమైంది. మీతో ఇంకెలా వేగాలో ఏమిటో!"

"నేను మీకో మాట..."

"ఒక్క నిమిషం" అని లేచి వెళ్ళిపోయింది.

పన్నెండు నిమిషాల తర్వాత వచ్చింది. "ఏదో అంటున్నారు?"

"నాకు మీరంటే..."

మళ్ళీ లేచింది. ఈసారి పరుగే. వారం నుంచి అద్దం ముందు సాధన చేసుకున్న మాటలు నా గొంతులోనే ఉండిపోయాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏమోయ్, ఇంకా చెప్పలేదూ?" అన్నాడు తాతగారు. "త్వరగా కానియ్యి. నన్ను లోపలికి పిలిచేస్తారు."

ఆమె మూడోసారి వచ్చి కూర్చుంది. ఈసారి నన్ను నోరు తెరవనివ్వలేదు.

"మీరేం చెప్పబోతున్నారో తెలుసు. ముందు నేను చెప్పేది వినండి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మలం పోవడానికి పొట్టకి సంచి పెట్టాల్సి రావచ్చు. పిల్లలు పుడతారో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. పేగు జబ్బు ఎలాగూ ఉంటుంది. సినిమాకెళితే చివరి వరుసలో చివరి సీటు. ఊరెళ్ళాలంటే దారిలో బాత్రూములెక్కడున్నాయో ముందు చూడాలి. నాకు చిరాకెక్కువ. జబ్బు అదుపులో ఉన్నప్పుడు కూడా చిరాకు అదుపులో ఉండదు. ఇంత విని నా మీద జాలి పడ్డారో..."

"జాలా?" ఇక నావల్ల కాలేదు. "నెల రోజులుగా నన్ను తిట్టని రోజు లేదు. నా బోర్డు తన్ను తింది, ఫోను పోయింది, తల బొప్పి కట్టింది. నా మీద నాకే బోలెడు జాలిగా ఉంది. మీకివ్వడానికి మిగల్లేదు."

తాతగారు కిసుక్కుమన్నాడు.

"మరెందుకండీ?" అంది. ఆ గొంతు మైకులోదీ కాదు, కసిరేదీ కాదు. నేనెప్పుడూ విననిది.

"మీ స్టేషన్‌లో పని మొన్నటితో అయిపోయింది. కొత్తచోట నీళ్ళు కట్టేసేముందు ఎవర్నీ అడగక్కర్లేదు. టక్కున కట్టేస్తున్నాను, టక్కున పనైపోతోంది. చచ్చేంత విసుగ్గా ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం. మనం పెళ్ళి చేసుకుందాం. పిల్లల సంగతి ఏమైనా కానివ్వండి, నాకు మీరు కావాలి."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది. అంతలో ముఖం మారింది. నాకు అర్థమైపోయింది.

"వెళ్ళి రండి" అన్నాను. "నేనెక్కడికీ పోను."

లేచి రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. భుజానికున్న నల్ల బ్యాగు దించి, నా కళ్ళెదుటే తెరిచి, అందులోంచి చిన్న ప్యాకెట్ ఒకటి తీసుకుంది. బ్యాగు నా ఒళ్ళో పడేసింది.

"పట్టుకో. తెరిచావో, చంపుతాను" అని పరిగెత్తింది.

బ్యాగు మంచి బరువుంది. రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను. వాళ్ళమ్మ కౌంటరు దగ్గర్నుంచి వచ్చి, బ్యాగునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అది తనే ఇచ్చిందా?"

"తనే ఇచ్చిందమ్మా."

ఆవిడ నా పక్కన కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే ఇంక నన్నడగడానికేముంది బాబూ. మీ పెద్దవాళ్ళని ఒకసారి రమ్మను."

అంతలో వరండా చివరినుంచి కేక వినిపించింది. తేనె లేదు ఏమీ లేదు, ఆసుపత్రంతా దద్దరిల్లింది.

"పైపులాయనా! ఇక్కడ నీళ్ళు రావట్లేదు!"

బ్యాగు భుజాన వేసుకుని పరిగెత్తాను. బాత్రూము తలుపు దగ్గర "పని జరుగుతోంది, వాడరాదు" అన్న బోర్డు బోర్లా పడి ఉంది. దాని పక్కన ఎవరో పైపుల కుర్రాడు గుడ్లప్పగించి నిలబడ్డాడు.

"ఆమె... బోర్డుని తన్నేసిందండీ" అన్నాడు.

"తెలుసు" అన్నాను. "మెయిన్ వాల్వ్ ఎక్కడుందో త్వరగా చూపించు."