రాణిగారి తెల్లచీర

పొద్దున్నే బకెట్ నిండా టీ డికాక్షన్ కాచి, అందులో కొత్త తెల్లచీర ముంచుతుంటే చూసినవాళ్లెవరైనా ఈ పిల్లకు పిచ్చిగాని పట్టిందా అనుకుంటారు. మన్సూరాబాద్‌లోని ఆ ఇంట్లో మాత్రం అది మామూలే. స్వప్న టీవీ సీరియళ్లకు పాతకాలపు బట్టలు తయారుచేస్తుంది. సంస్థానాల నాటి కథలో చీర తళతళ మెరిస్తే ఎట్లా? దిల్‌సుఖ్‌నగర్‌లో నిన్న కొన్నదానికి నూరేళ్ల వయసు తెప్పించాలి మరి.

రాణి వేషం వేసే నటిది అచ్చం అత్తగారు అండాలమ్మ ఒడ్డూ పొడుగే. అందుకే ఏ చీరైనా ముందు ఆమెకు కట్టి, కుచ్చిళ్లు సరిచేసి, ఫొటో తీసి పంపడం స్వప్నకు అలవాటు. అండాలమ్మకూ అదొక సరదా. "నాట్లేసినదాన్ని రాణిని చేసినవ్ గదనే!" అని మురిసిపోయేది.

ఎండెక్కేసరికి చీర ఆరింది. షూటింగ్ మేనేజర్ ఫోన్ మీద ఫోన్.

"అత్తమ్మా, జర రా! గీ చీర కట్టి చూస్త. లేటయితున్నది."

"గిదా?" అండాలమ్మ తెల్లచీరను తడిమి చూసింది.

"ఊఁ, గిదే. బొట్టు తియ్యి అత్తమ్మా, ఫొటోల పడ్తది. గాజులు గూడ."

స్వప్న చూపంతా చీర అంచు మీదే. అండాలమ్మ బొట్టు చెరిపేసి, గాజులు తీసి పక్కన పెట్టి, చీర కట్టించుకుంది.

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో డ్యూటీ ముగించుకుని స్వప్న భర్త మహిపాల్ అప్పుడే వచ్చాడు. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందే ఇది? మా అమ్మను ఏం చేస్తున్నవ్?"

"సీరియల్ల రాజు సచ్చిపోతడు, రాణికి..." అంటూనే స్వప్న మాట మింగేసింది. అప్పుడుగాని తలెత్తి అత్త ముఖం చూడలేదు.

మామ గోపయ్య పోయి ఏడాది కూడా నిండలేదు. దినాల నాడు చుట్టాలు తెల్లచీర పట్టుకొస్తే, బొట్టు తియ్యనియ్యనని స్వప్నే అడ్డం నిలబడి కొట్లాడింది. కాలనీ అంతా మెచ్చుకుంది. ఇప్పుడు తన చేతులతోనే ఈ పని! ఛీ, నా బతుకు చెడ అనుకుంది.

"గప్పుడు నువ్వే వద్దన్నవ్. ఇయ్యాల నువ్వే కట్టినవ్. నీ సీరియల్ పాడుగాను!" మహిపాల్ కాలనీ దద్దరిల్లేలా అరిచాడు.

అండాలమ్మ లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, సంచితో బయటికొచ్చింది. "బడంగ్‌పేట్‌ల మా చెల్లె ఇంటికి పోతా. కొన్నాళ్లు ఆడ్నే ఉంటా."

స్వప్న గబుక్కున కాళ్లు పట్టుకుంది. "తప్పయింది అత్తమ్మా. పనిల పడి కండ్లు మూస్కపోయినయ్. తిట్టు, కొట్టు, పోకు మాత్రం."

"తెల్లచీర కట్టినవని గాదు బిడ్డా. అందరు ధైర్యంగుండు అన్నరు. నువ్వు రంగు చీరలు కట్టిచ్చినవ్. నాకోసం అంత కొట్లాడితివి, ఇగ నేనెట్ల ఏడుస్త? ఏడిస్తే నువ్వు చిన్నబోతవని సప్పుడు చేయకుంట ఉన్న. ఇయ్యాల అద్దంల చూస్కున్నంక తెలిసింది, మీ మామ ఇగ రాడని. గప్పుడూ నన్ను అడగలే, ఇప్పుడూ అడగలే."

తిట్టినా అంత తగిలేది కాదు. ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న మంచిపని కూడా అత్తను అడక్కుండా చేసిందేనని స్వప్నకు అర్థమై, సిగ్గుతో తల వాలిపోయింది. ఫోన్ మళ్లీ మోగింది. తీసి స్విచ్చాఫ్ చేసింది.

"నీకేం కావాలె అత్తమ్మా? నువ్వే చెప్పు. నువ్వు ఎట్లంటే గట్ల."

"ఏడ్వాలె బిడ్డా. జర ఏడ్వనియ్యి నన్ను."

సంచి జారి కిందపడింది. కోడలి భుజమ్మీద తల పెట్టి, మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, పక్కింటికి వినబడేలా అండాలమ్మ గొల్లుమంది. స్వప్న ఆమెను గట్టిగా పట్టుకుని కూర్చుంది. మహిపాల్ గుమ్మంలోనే కూలబడి నాయనా, నాయనా అని ఏడ్చాడు. ధైర్యంగా ఉండమని ఈసారి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.