రుక్కమ్మ అరికాళ్లు

పుష్యమాసం చలి. పొద్దున్నే పెద్దేముల్‌లో ప్రతి ఇంటి ముందూ మంటలు వేసుకుని చేతులు కాచుకుంటున్నారు. రుక్కమ్మ మాత్రం పశువుల తొట్టి పక్కన కూర్చుని, రెండు కాళ్లూ మంచులాంటి నీళ్లలో పెట్టుకుంది.

"కంది కోత మీద వడ్డది. ఊరంత చేన్లకు పోతుంటె నీకు గీ నీళ్లాటలేంది అత్తా?" కొడవలి పట్టుకుని బయల్దేరిన కోడలు ఇంద్రమ్మ అడిగింది. ఆమెకు ఆరో నెల. వంట, నీళ్లు, గొర్ల దొడ్డి, చేను అన్నీ ఆమె నెత్తి మీదే.

"నిప్పులల్ల నిలవడ్డట్టున్నదే. రాత్రంత కన్ను మూయలే."

"ఏదీ, సూపియ్యి! వాపు లేదు, పుండు లేదు. పనొస్తెనే మంటొస్తదా?"

రెండేళ్లుగా ఇదే గొడవ. మొదట్లో ఇంద్రమ్మే గోరింటాకు నూరి పెట్టింది, ఆముదం రాసింది. కానీ కంటికి కనిపించని జబ్బు మీద జాలి ఎన్నాళ్లు నిలుస్తుంది? జ్వరమైతే ఒళ్లు పట్టి చూడొచ్చు. మంటను ఎవరు పట్టి చూస్తారు?

మంద తోలుకెళ్లబోతున్న మొగుణ్ణి వాకిట్లోనే ఆపింది. "మీ అమ్మ రేపన్న చేనుకొస్తదా చెప్పు. లేకుంటె నేను బొంరాస్‌పేట పోత, మా అమ్మగారింటికి. మళ్ల రాను."

శంకరప్ప ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. "అమ్మా, ఇయ్యాల ఇటుక కాపడం పెట్టించుకో. రేపు జర పొయ్యిరా," అనేసి గొర్ల వెనక నడిచాడు. మగవాళ్లకు పారిపోవడానికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

మడమ నొప్పికి అక్కడ అందరూ చేసే వైద్యమే అది. ఇటుకను పొయ్యిలో కాల్చి, జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించాలి. చురుక్కుమనగానే తీసి, మళ్లీ ఆనించాలి. ఆ రోజు ఇంద్రమ్మ చేనుకు పోవడం మానుకుని, ఇటుకను ఎప్పటికంటే రెట్టింపు సేపు కాల్చింది. ఆకులు రెండే వేసింది. అసలైన మంటేమిటో ఒక్కసారి తెలిస్తే, ముసలిది మళ్లీ ఆ మాట ఎత్తదనుకుంది.

రుక్కమ్మ కాలు ఆనించింది. తియ్యలేదు.

"కాలుతలేదా అత్తా?"

"ఏం తెలుస్తలేదు. జరసేపు ఉండనియ్యి."

మొండిది, పంతం పట్టిందనుకుంది ఇంద్రమ్మ. ఆకుల్లోంచి పొగ లేచింది. తర్వాత వచ్చిన వాసన ఆకులది కాదు. ఇంద్రమ్మ కెవ్వుమని అరిచి అత్త కాలు లాగేసింది. మడమ తోలు ఇటుకకే అంటుకుని ఉండిపోయింది. కోడలు ఎందుకు అరిచిందో తెలియక రుక్కమ్మ బిత్తరపోయి చూసింది.

కబురందుకుని శంకరప్ప పరుగున వచ్చాడు. తాండూరు దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి రైలు. వికారాబాదులో డాక్టరు అరికాలంతా సూదితో గుచ్చుతుంటే రుక్కమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంది.

"చక్కెర వ్యాధి. కాళ్ల నరాలు చచ్చిపోయాయి. బయటి నిప్పు తెలియదు, లోపల మాత్రం రాత్రీ పగలూ మండుతుంది," అన్నాడు డాక్టరు. "ఈ పుండు మానడం కష్టం. కాలు దక్కుతుందో లేదో నేను చెప్పలేను. ఇటుక ఇంతసేపు ఎవరు పెట్టారు?"

శంకరప్ప పెళ్లాం వైపు తిరిగాడు. రుక్కమ్మ గబుక్కున అందుకుంది. "నేనే పెట్టుకున్న. పిల్లకేం తెల్వదు."

ఇంద్రమ్మ నేల మీద కూలబడిపోయింది. "అబద్ధం! నేనే కాల్చిన. బుద్ధి చెప్దామని కాల్చిన అత్తా. నన్ను కొట్టు!" కట్టుకట్టిన కాలును ఒళ్లోకి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. శంకరప్ప తల ఎత్తలేకపోయాడు. కాపడం పెట్టించుకోమన్నది తనే కదా.

రుక్కమ్మ కోడలి తల నిమిరింది. "ఏడ్వకు. కడుపుల పిల్ల ఉన్నది. ఇగ అందరికి కనవడతది గదా, సూపియ్యమని నన్నెవ్వరు అడగరు."

ఇంద్రమ్మ తలెత్తి చూసింది. "మస్తు నొస్తున్నదా అత్తా?"

"పుండు నొస్తలేదే బిడ్డా. మంట మాత్రం గట్లనే ఉన్నది, రెండు కాళ్లల్ల."

ఇంద్రమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. మూలనున్న కుండ దగ్గరికి వెళ్లి, కొంగు చల్లటి నీళ్లలో ముంచి పిండింది. వచ్చి, ఏ పుండూ లేని రెండో కాలికి చుట్టి పట్టుకుని కూర్చుంది.