మూత లోపలి తడి

గ్లౌజులమ్మ మీద అత్తగారికి పీకలదాకా కోపం. గ్లౌజులమ్మ అంటే కోడలే, వీధివాళ్ళు పెట్టిన పేరు. కొడుకు రక్తపు క్యాన్సర్‌తో పోతే, కళ్ళనీళ్ళు ఆరకముందే ఆ పిల్ల తన ప్రయోగశాలకు పరుగెత్తింది. పైగా, ఆసుపత్రివాళ్ళు పరీక్షకు తీసిన అతని ఎముక మూలుగలో మిగిలిన కాస్తా అక్కడే చలిపెట్టెలో దాచింది. కన్నతల్లికి ఒక్కసారైనా చూపించలేదు! అయితే ఆ కోపం కింద ఇంకో మంట ఉంది. బిడ్డకు ఆ జబ్బు తన రక్తంలోంచే వచ్చిందేమోనని, కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ ఆవిడ లోలోపలే కుమిలిపోయేది...

కోడలు అది పసిగట్టింది. బట్టలు కుట్టే మనిషికి అర్థమయ్యేలా చెప్పింది. జన్యువును చూసి కణం తయారుచేసుకునే ఆర్‌ఎన్‌ఏ, కత్తిరించబోయే గుడ్డలాంటిదట. దాని మీద సుద్దగీతల్లా చిన్న చిన్న రసాయన గుర్తులుంటాయి. ఏది వాడాలో, ఏది పారేయాలో కణం వాటిని బట్టే తేల్చుకుంటుంది.

"గుడ్డ మంచిదైనా గీతలు తప్పితే కుట్టు చెడుతుందిగా అత్తయ్యా. ఆ గుర్తులు ఎక్కువైతే రక్తకణాలు ఆగకుండా పెరుగుతాయి. ఆయనకు జరిగింది అదేనేమో, చూడాలి."

ఆ చూసే రోజున, అత్తగారు బతిమాలగా బతిమాలగా ఆవిడను వెంట తీసుకెళ్ళింది. ఆవిడ చేతులకు గ్లౌజులు తొడిగి, దాచిన మూలుగంతా వాడి తీసిన ఆర్‌ఎన్‌ఏ ఉన్న, మంచులో గుచ్చిన చిటికెనవేలంత గొట్టం చూపించింది. లోపల ఎర్రగా ఏమీ లేదు, నీళ్ళలా ఉంది. వీడేమిటే ఇంత పాలిపోయాడు అని పెద్దావిడ నవ్వబోయి ఏడ్చేసింది. కోడలు పక్కగదిలోకి వెళ్ళగానే గ్లౌజు లాగేసి, మూత తెరిచి, దాని లోపలి తడిని వేలితో తడిమి, మళ్ళీ బిగించింది. తల్లికి అంతకంటే ఏం కావాలి?

పరీక్షలో ఆర్‌ఎన్‌ఏ అంతా ముక్కలు ముక్కలై కనిపించింది. మనిషి చర్మం మీద ఉండే పదార్థం తగిలితే అది నిలవదు. కోడలు ఇంట్లో ఒక్క మాట అనలేదు. ప్రయోగశాల పెద్ద డాక్టరమ్మ ఇంటికొచ్చి, ఒట్టి చేయి తగిలించి నమూనా పాడుచేసిన ఇంత అజాగ్రత్త మనిషికి ఈ పని ఇక ఇవ్వలేనని కోడలితో అంటుంటేనే అత్తగారికి సంగతి తెలిసింది. తప్పంతా ఆ పిల్ల తన నెత్తినే వేసుకుంది!

పెద్దావిడ మిషను మీంచి లేచి వచ్చింది.

"ముట్టుకున్నది నేనమ్మా. దాన్ని తీసేయకండి. దాని చేయి ఎంత శుభ్రమో నన్నడగండి."

మిగతా రోగుల నమూనాలు నువ్వే చూడు అని డాక్టరమ్మ కోడలికి చెప్పి వెళ్ళిపోయింది.

"నన్ను తిట్టవేమే?" అంది అత్తగారు. "వాడిది ఇంక తెలియదుగా."

"తెలియదు." కోడలు ఆవిడ వేలు పట్టుకుంది. "నాకూ రోజూ ముట్టుకోవాలనిపించేది అత్తయ్యా. మీరైనా ముట్టుకున్నారు."

ఇంత పెద్ద మనసును పక్కనే పెట్టుకుని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయానే అని ఆవిడ కోడలిని గుండెకు హత్తుకుంది.

ఆ గొట్టంలో ఆ ఇంటికి పోయింది, లెక్కకు, నలభై మైక్రోలీటర్లు. నిండా ఒక చుక్క కూడా కాదు.