ఖారియా రోడ్ దగ్గర ఆగకూడని రైలు

"ఖారియా రోడ్ స్టేషన్ మాస్టర్ని పొద్దున చంపేశారు. టెలిఫోన్ తీగలు తెంపేశారు. మధ్యాహ్నం అదే దారిన మందుగుండు రైలు వెళ్తోంది."

అది 1965 సెప్టెంబర్. బాడ్మేర్ ఆఫీసులో చీఫ్ మాట వినగానే ఏజెంట్ ఈశర్‌దాన్ లేచి నిలబడ్డాడు.

"రైలు ఆపేద్దాం సార్."

"బోర్డర్లో మనవాళ్లకి తూటాలు అయిపోయాయ్. ఆగితే వాళ్లు మిగలరు. ఎర్రజెండా చూపినా ఆపొద్దని డ్రైవర్‌కి ఆర్డర్. డ్రైవర్ ఎవరో తెలుసుగా?"

తెలుసు. ఖేత్‌దాన్. తల్లి పోయాక తనను ఎత్తుకుని పెంచిన అన్న.

"శత్రువులు దారిలో బాంబు పెట్టి ఉంటారు, నువ్వెళ్లి వెతుకు. అక్కడ మన ఏజెంట్ కురజా ఉంది. ఆ ఊరి ఆడపడుచే. మనలో ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఉప్పుబావి గురించి అడుగు, జవాబు తనే చెప్తుంది."

జోధ్‌పూర్ మహారాజా వేయించిన లైను అది. ఒకప్పుడు సింధ్ వెళ్లే మెయిలు ఖారియా రోడ్‌లో ఆగి, జనం దిగి పకోడీలు తినేవాళ్లు. దేశం రెండు ముక్కలయ్యాక రద్దీ పోయింది, యుద్ధంతో ఊరే ఖాళీ అయింది. ఒంటెల బేరగాడి వేషంలో ఈశర్‌దాన్ జీపు దిగేసరికి వెయిటింగ్ రూం గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. చూపు తిప్పుకోనివ్వని అందం.

"ఉప్పుబావిలో నీళ్లెలా ఉన్నాయి?"

"ఒంటెలు కూడా మూతి పెట్టవు," నవ్వింది. "బాంబు గోడౌన్లోనే ఎక్కడో ఉంది. రా, వెతుకుదాం."

బస్తాలన్నీ దులిపారు. ఏమీ లేదు. ఇంతలో తప్పిపోయిన ఒంటెను పట్టుకుని ఆ ఊరి ముసలాయన ఒకడు లోపలికి తొంగిచూశాడు. ఆమె చటుక్కున తల మీది ఓఢ్నీని ముసుగులా గడ్డం దాకా లాక్కుంది.

"ఎవరింటి కోడలివమ్మా?" అన్నాడు ముసలాయన.

ఈశర్‌దాన్ గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. ఈ వైపు పెద్దల ముందు ముసుగు వేసేది కోడళ్లే. పుట్టింటి ఊళ్లో ఆడపిల్ల ముసుగెందుకు వేస్తుంది? అంటే అసలు కురజా ఇక లేదు. గుర్తుమాట కక్కించి ఏ ఇసుక దిబ్బ కింద పాతిపెట్టారో!

ముసుగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. ఈశర్‌దాన్ తన సిగరెట్ లైటర్ నొక్కాడు. అందులో తూటా ఉంది, కానీ ఇసుక పట్టేసి పేలలేదు. ముసలాయన కర్ర మాత్రం మొరాయించలేదు, ఆమె మణికట్టు మీద గట్టిగానే పడింది.

చేతులు కట్టేస్తుంటే ఆమె నవ్వింది. "వెతుక్కో. బాంబు తూర్పున పట్టాల కింది తూములో ఉంది. చక్రం తగిలితే చాలు. ఇక నువ్వు ఆపలేవు."

తూర్పున పొగ కనిపిస్తోంది.

"బాసా, నీ ఒంటె!" అని ముసలాయనతో అరుస్తూ గుమ్మంలో ఉన్న ఖాళీ కుండ అందుకున్నాడు. ఒంటె పరిగెత్తుతుంటే అతనికి ఏడుపొచ్చింది. ఈ వేషంలో అన్న తనను గుర్తుపట్టడు. గుర్తుపట్టినా ఆర్డర్ ఆర్డరే.

తూము దాటి పట్టాల పక్కన దూకి, కుండను నెత్తిమీద బోర్లించి పట్టుకున్నాడు. పెద్ద కరువు నాటి నుంచీ ఆ లైన్లో ఉన్న ఆనవాయితీ అది. బోర్లించిన కుండ కనిపిస్తే మనిషి దాహంతో చచ్చిపోతున్నాడని అర్థం. ఏ డ్రైవరూ దాటిపోడు.

ఇంజన్ వేగం తగ్గలేదు. ఈశర్‌దాన్ కళ్లు మూసుకున్నాడు.

బ్రేకులు కీచుమన్నాయి. రైలు తూముకు ఇవతలే ఆగింది.

"భాయీసా! తూములో బాంబు!"

రైల్లోని జవాన్లు దిగి దాన్ని పీకేశారు. ఖేత్‌దాన్ తమ్ముడి పెట్టుడు మీసం ఊడబెరికి, గట్టిగా కావలించుకుని, చాలాసేపు వదల్లేదు. తర్వాత బకెట్టుతో ఇంజన్ నీళ్లు తెచ్చాడు.

"కుండ తిన్నగా పట్టు."

"ఇప్పుడు నీళ్లెందుకు భాయీసా?"

"ఆర్డర్ మీరి ఆపానురా. బాంబుందని నాకు తెలుసా ఏంటి? నీళ్లివ్వడానికి ఆపానని రిపోర్టు రాయాలి. నువ్వు తాగకపోతే నా ఉద్యోగం గోవిందా!"