సగంలో ఆగిన ఇంట్లో గొంతు

ఇబ్రహీంపట్నం దాటాక గుట్ట పక్కనుంచి ఒక అడ్డదారి పోతుంది. ఆ దారిలో, ప్లాట్లు చేసి అమ్మిన వెంచర్ చివర ఒక ఇల్లుంది. ఇల్లని పేరే గానీ ఇల్లు కాదు. పిల్లర్లు లేచాయి, రెండు స్లాబులు పడ్డాయి, ఇటుక గోడలు కట్టారు... అక్కడితో పని ఆగిపోయింది. కిటికీలకు తలుపుల్లేవు, మెట్లకు రెయిలింగ్ లేదు. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆ ఇంటికి చెడ్డపేరు మాత్రం వచ్చింది.

మొదట చూసింది మేకల బుగ్గమ్మ. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ చీకటి పడ్డాక అటు పోతే, పై అంతస్తులో నీలంగా వెలుగు కనిపించిందట. ఒక మగ గొంతు... ఏదో అంటుంది, ఆగుతుంది... ఎవరో బదులిచ్చినట్టు వింటుంది, మళ్లీ ఏదో అంటుంది. ఏ భాషో ఆమెకు అంతుపట్టలేదు. మేక సంగతి మేకకే వదిలేసి ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంది. మేక పొద్దున్నే తాపీగా తనంతట తనే వచ్చింది, అది వేరే విషయం.

ఆ తర్వాత, సెంట్రింగ్ పని చేసే మనిషొకడు ఆ స్లాబు మీంచి పడి చచ్చిపోయాడని ఊళ్లో అనుకున్నారు. వాడి పేరేంటి, ఎప్పుడు పడ్డాడు అంటే చెప్పేవాళ్లు లేరు. దెయ్యాన్ని ఆధార్ కార్డు చూపించమని ఎవరడుగుతారు?

నందిని ఈ కథ విని బాగా నవ్వింది. పగటిపూట విన్నది కాబట్టి నవ్వింది.

ఆమె ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీలో ఇంజనీరు. ఎంత పెద్దదంటే, తను రోజూ మాట్లాడే మనుషుల్లో సగం మంది ముఖాలు ఆమె ఇంతవరకు చూడలేదు. చెవిలో ఒక గొంతు, తెర మీద రెండు పొడి అక్షరాలు, అంతే పరిచయం. అక్కడ ఒక్కో వారం ఒక్కొక్కరికి ఆన్‌కాల్ పడుతుంది. ఆ వారం సిస్టమ్ ఏ వేళ చెడిపోయినా ఫోన్ మోగుతుంది, పావుగంటలో లాప్‌టాప్ తెరిచి కూర్చోవాలి. పెళ్లికి పోయినా లాప్‌టాప్ సంచి భుజాన ఉండాల్సిందే. ఫోటోల్లో కూడా పడుతుంది.

కిందటి ఆన్‌కాల్‌లో నందిని నిద్రలో ఫోన్ వినలేదు. మేనేజర్ రఘునందన్ పిలిచి, మెత్తగానే, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పాడు. ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు. ఆమె బాపు రాంచంద్రకు డయాలసిస్ కంపెనీ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. అందుకే మళ్లీ ఆన్‌కాల్ పడిన ఆ వారం ఆమె ఫోన్‌ను దిండు మీద, తల పక్కనే పెట్టుకొని పడుకుంటోంది.

ఆ రాత్రి కందుకూరులో చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. భోజనం సగంలో లేచి, బాపు ఒక్కడే ఉన్నాడని చెప్పి, స్కూటీ మీద బయల్దేరింది. ఫోన్ మోగేలోపు ఇబ్రహీంపట్నంలో ఇల్లు చేరాలని ఆ అడ్డదారి పట్టింది.

సరిగ్గా ఆ ఇంటి ముందుకు రాగానే ఫోన్ మోగింది.

ఆన్‌కాల్ మోత వేరుగా ఉంటుంది. ముందుకు పోతే దారి లోతుకు దిగుతుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. ఇల్లు చేరేసరికి గడువు దాటుతుంది. రోడ్డు పక్కనే స్కూటీ సీటు మీద లాప్‌టాప్ తెరిచింది. తెర వెలిగిందో లేదో... టప్పున ఒక చినుకు పడింది. వెనకాలే వాన.

తల దాచుకోవడానికి చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క స్లాబే.

నందిని ఇంటి వంక చూసింది. తర్వాత ఫోన్ వంక చూసింది. దెయ్యం ఉండొచ్చు, లేకపోవచ్చు. రఘునందన్ మాత్రం ఉన్నాడు. లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకొని లోపలికి పరుగెత్తింది.

లోపల పచ్చి సిమెంటు వాసన. మెట్ల కింద ఇటుకల మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కాల్‌లోకి వెళ్లింది. పుణె నుంచి ఒకరు, డబ్లిన్ నుంచి ఇద్దరు, ఇంట్లోంచి రఘునందన్ అప్పటికే ఉన్నారు. ఎక్కడికక్కడ ఆర్డర్లు ఆగిపోయాయి, నిమిషం నిమిషానికీ నష్టం. నందినీ, నువ్వే చూడాలి అన్నాడు రఘునందన్. ఆమె చూసింది. తెర నిండా ఎర్ర గీతలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

అప్పుడు... పైన అడుగుల చప్పుడైంది.

నెమ్మదిగా. అటు నాలుగడుగులు... ఇటు నాలుగడుగులు...

నందిని ఊపిరి బిగబట్టి తల ఎత్తింది. మెట్ల మలుపు గోడ మీద నీలంగా ఒక వెలుగు. పోయింది. మళ్లీ వచ్చింది.

లేచి పరుగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. పరుగెత్తితే కాల్ తెగుతుంది. కాల్ తెగితే... బాపు మంచం, సూదులు, ఆ మిషన్ కళ్ల ముందుకొచ్చాయి. ఆమె కదల్లేదు. తన రొప్పు అవతలివాళ్లకు వినపడకుండా మ్యూట్ మాత్రం నొక్కింది.

పైనుంచి ఒక మగ గొంతు, మెల్లగా అంది.

"నేనున్నాను... ఇక్కడే ఉన్నాను."

ఒక్క క్షణం గడిచిందో లేదో... అదే మాట, అదే గొంతు, ఆమె చెవిలో అంది.

"నేనున్నాను... ఇక్కడే ఉన్నాను."

నందిని ఒళ్లంతా చల్లబడింది. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేసింది. పైన గొంతు ఏదో అంటోంది. రెండో చెవిలో అదే గొంతు, అవే మాటలు, ఒక్క క్షణం ఆలస్యంగా. తన చెవిలో ఏం వినపడబోతోందో పైనున్నది ముందే పలుకుతోంది. అది పలికేది ఇంగ్లిష్ అన్న సంగతి కూడా ఆ భయంలో ఆమెకు తట్టలేదు.

చెవిలో రఘునందన్ హమ్మయ్య అన్నాడు. కేకే వచ్చాడు, ఇక ఫరవాలేదు అన్నాడు.

కేకే డేటాబేస్ టీం మనిషి. తెర మీద ఉత్త ఫోన్ నంబరే కనిపిస్తున్నా, గొంతును బట్టి అందరికీ తెలుసు. నందిని ఏడాదిన్నరగా వింటున్న గొంతే. ఎర్ర గీతలన్నిటికీ మూలం ఒక్కటేనని, పాత పని ఒకటి ముగియకుండా దారికి అడ్డంగా కూర్చుందని, ముందు దాన్ని ఆపమని చెప్పాడు. పైనుంచి ఒకసారి, చెవిలో ఒకసారి. చెప్పినట్టే చేసింది నందిని. చేశానని చెప్పడానికి మ్యూట్ తీసింది.

ఆమె నోరు తెరవగానే పైన అడుగులు టక్కున ఆగిపోయాయి.

అప్పుడు డబ్లిన్ మనిషి విసుక్కున్నాడు. గొంతులు రెండేసిసార్లు వినపడుతున్నాయట. మీలో ఇద్దరు ఒకే గదిలో ఉన్నారు, ఒకరు మ్యూట్ చేయండి అన్నాడు.

రఘునందన్ అడిగాడు, "నందినీ, నీ పక్కన ఎవరున్నారు?"

ఆమె మళ్లీ మ్యూట్ నొక్కింది. తెర మీద ఎర్ర గీతలు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా మారుతున్నాయి. ఆర్డర్లు కదిలాయి. అందరూ కేకేకు థాంక్స్ చెప్పారు. నందినీ, ఈసారి బాగా చేశావు అన్నాడు రఘునందన్. కాల్ ముగిసింది.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. నీలి వెలుగు మెట్లు దిగుతోంది... ఒక్కో మెట్టూ... ఆగి ఆగి...

మలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. చేతిలో ఫోన్. ఆమె కన్నా అతనే ఎక్కువ భయపడ్డట్టున్నాడు.

"నువ్వు... నందినివేనా?" అన్నాడు. "కింద ఆడమనిషి గొంతు ఇని నా పాణం పోయినంత పనైంది."

నందినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కేకే అంటే కిరణ్ కుమార్. ఆ ఇల్లు అతనిదే. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక కిరాయింట్లో ఉంటున్నాడు. ఏడాదిన్నరగా అతను ఏ బెంగళూరులోనో ఉన్నాడనుకుంది ఆమె. అతనూ ఆమె గురించి అలాగే అనుకున్నాడు. బుగ్గమ్మ జ్వరం సంగతి చెబితే అతను కూడా నవ్వాడు.

అన్నా, నా ఉద్యోగం నిలబెట్టినవ్, బాపును బతికించినవ్ అంది నందిని. పొద్దున్నే రఘునందన్ సార్‌కు ఇదంతా చెబుతానంది.

కిరణ్ నవ్వు ఆగిపోయింది.

"చెప్పకు," అన్నాడు. "నన్ను జూన్‌లనే తీసేసిండ్రు."

నందినికి అర్థం కాలేదు. అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. ఒక పొద్దున వచ్చిన మెయిల్‌తో అతని టీం మొత్తాన్ని ఇంటికి పంపారు. లాప్‌టాప్ తీసుకున్నారు, ఐడీ కార్డు తీసుకున్నారు. ఇంటి పని ఆ నెలలోనే ఆగింది. కానీ ఆన్‌కాల్ లిస్టులోంచి నంబర్ తీయడం మర్చిపోయారు. రాత్రి మోగితే మెలకువ వస్తుంది. సిస్టమంతా ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది, ఎక్కడ ఏం చెడిందో విని చెప్పగలడు. ఇంట్లో భార్య స్టెల్లా మాత్రం వాళ్ల ఫోన్ ఎత్తావంటే ఊరుకోనంటుంది, ఏడుస్తుంది. అందుకే మోగగానే కట్ చేసి, బండేసుకొని ఇక్కడికొచ్చి, స్లాబు మీద తిరుగుతూ మాట్లాడతాడు. ఈ రాత్రి డేటాబేస్ వాళ్లకు ముందుగా మోగింది; ఆమె వచ్చేసరికే అతను బండి ఇంటి వెనక పెట్టి పైకెక్కి, లైను కలవక తిప్పలు పడుతున్నాడు. అతను కంపెనీలో లేడన్న సంగతి కాల్‌లో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

అంతసేపు దెయ్యమనుకున్నప్పుడు కూడా రాని వణుకు అప్పుడొచ్చింది నందినికి.

"మరి ఎందుకు ఎత్తుతున్నవ్ అన్నా?" అంది.

అతను ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"నువ్వు చెప్తే నంబర్ తీసేస్తరు నందినీ," అన్నాడు. "గప్పుడు నన్ను ఎవ్వలు పిలుస్తరు?"